పొగమంచులో మోగిన బుట్ట

నవంబరు, రెండో ఆదివారం
సాయంత్రం, వంటింటి బల్ల దగ్గర

బావగారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి కొట్టేశాను. మా కుశలం నాకు తెలుసు గానీ, మీ కుశలం తెలిసి రెండేళ్ళు దాటింది. తెలియనిది రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి సగమే రాస్తున్నాను. ఇక్కడ మేము బాగున్నాం. అక్కడ మీరూ చెల్లెమ్మగారూ బాగుండాలి. ఆవిడ మోకాళ్ళు ఆవిణ్ణి మెట్లెక్కనిస్తున్నాయో లేదో అని చలి మొదలైనప్పుడల్లా మా ఆవిడ తలుచుకుంటూనే ఉంటుంది.

సంబంధం తెగిపోయాక కూడా మిమ్మల్ని బావగారూ అనొచ్చా అని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. అయ్యా అని రాస్తే కరెంటాఫీసుకి అర్జీ పెట్టినట్టుంది. మిత్రమా అందామంటే మనం స్నేహితులమై ఎరగం, నేరుగా బంధువులమైపోయాం. చివరికి పాత పిలుపే కలానికి వచ్చింది. మీకు అభ్యంతరమైతే ఆ మాట మీద చిన్న కాగితం అతికించుకుని మిగతాది చదవండి.

ఫోన్ ఎందుకు చేయలేదంటే, చేస్తే మీరు ఎత్తరు. ఎత్తితే నేను గొంతు పెంచుతాను. డ్రైవింగ్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరిచిన గొంతు ఇది. మెల్లగా మాట్లాడమంటే దానికి రాదు. ఉత్తరంలో అయితే నేను అరవలేను, మీరు మధ్యలో పెట్టేయలేరు. విసిరి కొట్టినా మళ్ళీ తీసి చదువుకోవచ్చు.

మీ వాడి గురించి రాద్దామని కూర్చున్నాను. అయితే ముందు ఒక ఆట గురించి చెప్పాలి. లేకపోతే ఇవాళ జరిగింది మీకు అర్థం కాదు.

మా ఇంటికి రెండు వీధుల అవతల పెద్ద పార్కుంది. మధ్యలో చెరువు, చెరువు అంచున రెల్లు, ఒక పక్క పచ్చిక, ఇంకో పక్క మిట్ట మీద దేవదారు చెట్ల తోపు. స్కూలు వాళ్ళు నన్ను ఇంటికి పంపించాక పొద్దున్నే అక్కడ నడవడం అలవాటైంది. నడుస్తున్నప్పుడు కూడా నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూ ఉంటుందని మా ఆవిడ నవ్వుతుంది. పోయిన ఎండాకాలం చివర ఒక ఆదివారం అలా తొక్కుకుంటూ పోతుంటే, చెట్ల మధ్య నుంచి నారింజరంగు పళ్ళెం ఒకటి వచ్చింది. విసురుగా వచ్చిందనుకునేరు. కాదు. ఎవరో పంపిస్తే దారి వెతుక్కుంటూ వచ్చినట్టు, చెట్టు చెట్టునీ పలకరించుకుంటూ వచ్చి, చివర్లో కొంచెం ఎడమకి ఒరిగి, నా చెప్పుల ముందు వాలింది. వంగి తీశాను. దాని వెనకాలే మీ వాడొచ్చాడు.

దొంగతనానికి వచ్చి ఒకరికొకరం దొరికిపోయినట్టు నిలబడ్డాం ఇద్దరం. మా అమ్మాయీ అతనూ విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు తర్వాత అతన్ని చూడటం అదే. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు, అది పెంచిందో పెరిగిందో తెలియడం లేదు. అలవాటుకొద్దీ మామయ్యా అనేశాడు. అని నాలిక్కరుచుకుని, ఇంకా అలా పిలవొచ్చా అని అడిగాడు. పిలవక అంకుల్ అంటావా, దానికన్నా ఆ పళ్ళెం పెట్టి నెత్తి మీద కొట్టు అన్నాను. అప్పుడు నవ్వాడు. నవ్వితే మీ పోలికే బావగారూ, పై పెదవి ఒక పక్కకే లేస్తుంది.

ఆ ఆటని డిస్క్ గోల్ఫ్ అంటారట. పార్కంతా అక్కడొకటి ఇక్కడొకటి, మొత్తం పద్దెనిమిది ఇనప స్తంభాలు పాతారు. ఒక్కో స్తంభానికి నడుమున ఒక బుట్ట, బుట్ట పైన గుత్తిగా వేలాడే గొలుసులు. దూరంగా ఒక సిమెంటు పలక మీద నిలబడి డిస్కు, అంటే ఆ పళ్ళెమే, విసరాలి. అది గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. పడకపోతే ఎక్కడ పడిందో అక్కడికి నడిచి వెళ్ళి అక్కడి నుంచే మళ్ళీ విసరాలి. ఎన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. పడ్డచోటు గురించి వాదన పెట్టుకోకూడదు, పొదలో పడితే పొదలోనే నిలబడాలి. నాకు ఆ నియమం అన్నిటికన్నా నచ్చింది. బండి గోతిలో దించినవాళ్ళెవరూ గోతిలో ఉన్నామని ఒప్పుకోగా నేను చూడలేదు.

నువ్వూ ఒకసారి వేసి చూడు మామయ్యా అని చేతిలో ఒకటి పెట్టాడు. అంచు మందంగా, బరువుగా ఉంది. నేను వేస్తే అది లేచినట్టే లేచి, నా మీద ఏదో కోపం ఉన్నట్టు వెనక్కి తిరిగి, ఆకులు ఊడుస్తున్న తోటమాలి చక్రాల బండిలో పడింది. తోటమాలి నా వంక చూసి, బుట్ట అది కాదు, అదీ అని చీపురుతో చూపించాడు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వెళుతున్నాను.

ఇంతకీ మీ వాడు ఎలా ఉంటున్నాడని మీరు అడగరు. చెల్లెమ్మగారు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదువుతుంది, అందుకని రాస్తున్నాను. లాండ్రీ దుకాణం పైన ఒక గదిలో ఉంటున్నాడు. కింద మిషన్లు తిరుగుతుంటే నేల గోరువెచ్చగా ఉంటుంది, ఎప్పుడూ ఉతికిన బట్టల వాసన. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ అంచున ఎండకి ఆరబెట్టిన డిస్కులు. వంట బాగానే చేసుకుంటున్నాడు, గిన్నెలు మాత్రం వండేముందు తోముతాడు. లిఫ్టుల పనే చేస్తున్నాడు. నన్నొకసారి తను చూసే ఒక పెద్ద భవనానికి తీసుకెళ్ళాడు. లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పై చక్రం ఒకటి ఏడుస్తోంది మామయ్యా అన్నాడు. నాకేమీ వినపడలేదు. మనిషి కన్నా లిఫ్టు మాటే వీడికి బాగా తెలుస్తుందని మా అమ్మాయి పెళ్ళైన కొత్తలో అనేది గుర్తుందా? అప్పుడది ముద్దుగా అనేది.

మా అమ్మాయికి ఈ ఆదివారాల సంగతి మొదటి వారమే చెప్పేశాను. కోప్పడుతుందేమోనని భయపడుతూ చెప్పాను. అది, గెలిచావా నాన్నా అని అడిగింది. లేదన్నాను. అతను ఓడిపోయినట్టు నటించడు, నువ్వే నేర్చుకోవాలి అంది. అంతే. వాళ్ళ మధ్య మళ్ళీ ఏదో ఉందని నేను చెప్పడం లేదు, మీరు అలా ఊహించుకోకండి. లేదు. ఉండదు కూడా. కానీ వాళ్ళకి ఒకరి మీద ఒకరికి చేదు లేదు. చేదంతా మనం తాగాం.

నిజం చెప్పండి బావగారూ. విడిపోయింది వాళ్ళు, తగువు పడింది మనం. మీ పిల్లే నా కొడుకు బతుకు పాడు చేసిందని మీరు, మీ వాడి మౌనమే మా పిల్లని ఎండబెట్టిందని నేను. మీరు పట్టిన కుందేలుకీ మూడే కాళ్ళు, నేను పట్టిన కుందేలుకీ మూడే కాళ్ళు. మనం కుందేళ్ళని చంకలో పెట్టుకుని అరుచుకుంటూ ఉంటే, పిల్లలు చేతులు దులుపుకుని ఎవరి దారిన వాళ్ళు నడిచి వెళ్ళిపోయారు. తర్వాత మీకు అరవడానికి నేను మిగల్లేదు, మీ వాడి మీద అరిచారు. అతను మా అమ్మాయిని తప్పుపట్టడానికి ఒప్పుకోలేదు, అదే కదా మీ కోపం? ఆ రోజు నుంచి మీరు ఫోన్ చేయలేదు, అతనూ చేయలేదు. తల్లి మాత్రం అప్పుడప్పుడు దొడ్లోంచి దొంగచాటుగా చేస్తుందని విన్నాను. (చెల్లెమ్మగారూ, మన్నించాలి, ఈ ముక్క రాయకుండా ఉండాల్సింది.)

ఇన్ని ఆదివారాల్లో మీ ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు మీ వాడు. నేను ఎత్తబోతే డిస్కు విసిరేసి దాని వెనకాల వెళ్ళిపోయేవాడు.

ఇవాళ్టి సంగతి వినండి.

పొద్దున లేచి చూస్తే వీధి లేదు. అంత పొగమంచు. పార్కు గేటు దాకా చేత్తో గోడ తడుముకుంటూ వెళ్ళాను. గేటు ఉంది, గేటు తర్వాత అంతా తెలుపు. ఇవాళ ఆట ఉండదనుకున్నాను. ఆ తెలుపులోంచే మామయ్యా అని పిలుపొచ్చింది. ముందు గొంతు వచ్చింది, తర్వాత టోపీ వచ్చింది, ఆ తర్వాత మనిషొచ్చాడు.

ఏమీ కనపడకుండా ఎలా ఆడతాం రా అన్నాను. దారి కాళ్ళకి తెలుసులే అన్నాడు.

బావగారూ, నేను లెక్క ప్రకారం బతికిన మనిషిని. గేరు, క్లచ్, అద్దం, ఇండికేటరు. కలలు కూడా నాకు రోడ్డు మీదే వస్తాయి. కానీ ఇవాళ పొద్దున నేను ఎక్కడ ఉన్నానో నాకే తెలియలేదు. డిస్కు విసిరితే అది తెల్లటి నీళ్ళలోకి దిగినట్టు దిగిపోయేది. మేము దాని వెనకాల నడిచేవాళ్ళం. ఎంతదూరం నడిచామో తెలిసేది కాదు. ఉన్నట్టుండి ఒక చెట్టు ఎదురొచ్చి నిలబడేది, మమ్మల్ని చూసి దానికీ ఆశ్చర్యమే. దాని మొదట్లో డిస్కు, ఎవరో అక్కడ పెట్టి వెళ్ళినట్టు. తోపులోకి వెళ్ళాక కాళ్ళ కింద సూదుల్లాంటి ఎండాకులు మెత్తగా, మా అడుగుల చప్పుడు కూడా మాకు వినపడలేదు. పైన ఎక్కడో ఒక పక్షి ఒకే మాట పదే పదే అడుగుతోంది. చెక్క వంతెన దాటుతుంటే కింద నీళ్ళు లేవు, మబ్బుంది. నేను నిద్రలో నడుస్తున్నానేమో అనుకున్నాను. నిద్రలో మోకాలు నొప్పి పుట్టదు కదా, కాబట్టి మెలకువే అని సరిపెట్టుకున్నాను.

మాటలు కూడా తక్కువయ్యాయి. పొగమంచులో మాట పలకాలంటే నోటికి గుడ్డ కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. అతను ముందు, నేను వెనక. ఒకచోట ఆగి, ఇక్కడ పచ్చికలో ఎండాకాలం కుందేళ్ళుంటాయి మామయ్యా అన్నాడు. ఇంకోచోట ఊరికే ఆగాడు. ఏమిటంటే, ఏం లేదు, ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు అన్నాడు. చూశాను. నిశ్శబ్దాన్ని చూడటం అంటే ఏమిటో అరవై దాటాక తెలిసింది.

అలా చెరువు దగ్గరికి వచ్చాం. ఆ బుట్ట సంగతి చెప్పాలి. సిమెంటు పలక ఈ గట్టున, బుట్ట అవతల నీళ్ళలోకి నాలుకలా పొడుచుకొచ్చిన నేల మీద. మధ్యలో చెరువు. మీ వాడు ఎప్పుడూ నీళ్ళ మీదుగానే వేస్తాడు. నేను ఎప్పుడూ గట్టు వెంట చుట్టు తిరిగి వెళతాను, నాలుగు విసుర్లు ఎక్కువైనా సరే. ఈ చెరువు అడుగున ఉన్నన్ని పళ్ళేలు పెద్ద హోటల్లో కూడా ఉండవని తోటమాలి అంటూ ఉంటాడు.

ఇవాళ బుట్ట మాట అటుంచి, నీళ్ళే కనపడలేదు. నాలుగు రెల్లు కాడలు, వాటి తర్వాత ఏమీ లేదు. చుట్టూ తిరిగి పోదాం, డిస్కు పోతుంది అన్నాను. వద్దన్నాడు. కనపడనప్పుడే వేయాలి మామయ్యా, విందాం అన్నాడు. పలక మీద నిలబడి చాలాసేపు కదల్లేదు. తర్వాత రెండడుగులు వేసి, ఒళ్ళు తిప్పి, వదిలాడు.

డిస్కు వెళ్ళిపోయింది.

దాని వెంట నా చూపు కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. బుడుంగుమనే చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు. పోనీ ఒడ్డున పడ్డ చప్పుడూ రాలేదు. అది ఇంకా ఎగురుతూనే ఉందా, ఈ తెలుపులో వాలడానికి చోటు దొరక్క అలాగే తిరుగుతోందా అనిపించింది. ఎంతసేపో చెప్పలేను. అప్పుడు, అవతలి ఒడ్డున, గొలుసులు మోగాయి. ఘల్లుమని. ఆ చప్పుడు నీళ్ళ మీద నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

ఒక్క విసురుకి! ఆ బుట్టలో ఒక్క విసురుకి వేసినవాణ్ణి తోటమాలి కూడా చూడలేదట. మేమూ చూడలేదనుకోండి.

నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను, మోకాలి సంగతి మర్చిపోయి. మీ వాడు ఎగరలేదు. తల పక్కకి తిప్పి నిలబడి ఉన్నాడు. మామయ్యా, మోగిందా అని అడిగాడు. మోగిందిరా అన్నాను. నిజంగా విన్నావా అన్నాడు. ఘల్లుమంది, విన్నాను అన్నాను. అప్పుడు తడి గడ్డి మీద అలాగే కూలబడి, మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో భుజాలని బట్టి చెప్పలేకపోయాను. పక్కన కూర్చున్నాను. కాసేపటికి తలెత్తకుండానే, నాన్నకి చెప్పాలి అన్నాడు.

మొట్టమొదటి మాట బావగారూ. అతని జీవితంలో అంత గొప్ప విసురు విసిరి, చూసినవాడు లేక, నమ్మేవాడు నేనొక్కణ్ణే ఉండగా, లోపలి నుంచి తన్నుకొచ్చిన మొదటి మాట అది. జేబులోంచి ఫోన్ తీశాడు. మీ పేరు దాకా వెళ్ళాడు. వేలు దాని మీద పెట్టకుండా గాల్లో ఉంచాడు. తర్వాత ఫోన్ లోపల పెట్టేశాడు. నేను రాస్తాను మీ నాన్నకి అన్నాను. రాస్తే రాయి అన్నాడు. గట్టున చాలాసేపు కూర్చున్నాం, ఒళ్ళంతా తడిసేదాకా.

లేచాక నేనూ నీళ్ళ మీదుగా వేశాను. ఇన్నాళ్ళలో మొదటిసారి. బుడుంగుమంది. ఇది మాత్రం ఇద్దరికీ వినపడింది అని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. అవతలి గట్టుకి నడిచి వెళ్ళేసరికి ఎండ వచ్చింది, మంచు చిరిగి ముక్కలు ముక్కలుగా నీళ్ళ మీద నుంచి లేచిపోతోంది. బుట్టలో అతని డిస్కు, లోపల నాలుగు చుక్కల నీళ్ళతో, నిద్రపోతున్నట్టుంది. అతను దాన్ని వెంటనే తీయలేదు. గొలుసుల్ని చేత్తో ఒకసారి మెల్లగా కదిపి, విని, తర్వాత తీసుకున్నాడు.

మిగిలిన బుట్టలు ఆడామా లేదా అంటే, ఆడాం. ఎవరికెన్ని వచ్చాయో ఇద్దరికీ గుర్తులేదు. గేటు దగ్గర విడిపోయేటప్పుడు, మామయ్యా, నువ్వు సాక్షివి, మాట మార్చకూడదు అన్నాడు. మార్చను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ అబ్బాయి ఈ ఆదివారం పొద్దున, కంటికి కనపడని బుట్టలోకి, చెరువు మీదుగా, ఒక్క విసురుకి వేశాడు. నేను విన్నాను.

మీకు చెప్పమని నన్ను అడగలేదు. నాన్నకి చెప్పాలి అన్నాడు, అంతే. ఈ రెండింటికీ తేడా ఉంది గానీ, తండ్రులకి రెండూ ఒకటే అనుకుంటాను.

మా ఆవిడ దీపం వేసి, ఇంకా ఎంత రాస్తావు, అది ఉత్తరమా ఊరేగింపా అంటోంది. చెల్లెమ్మగారికి మా నమస్కారాలు చెప్పండి. మీరు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. రాస్తే మాత్రం, ఆ తిట్లు రెండో పేజీలో పెట్టి, మొదటి పేజీలో మీ ఆరోగ్యం సంగతి రాయండి.

ఇట్లు,
ఒకప్పటి మీ వియ్యంకుడు,
ఇప్పటికీ మీ బావ.

తా.క. చెరువు గట్టున మీ వాడు ఇంకో సంగతి కూడా చెప్పాడు. నాన్నకి రాసే ఉత్తరంలో ఇది ఉండకూడదు, మాటివ్వు అని చెయ్యి పట్టుకున్నాడు. ఇచ్చాను. సంతకం పెట్టేదాకా నిలబెట్టుకున్నాను. ఉత్తరం సంతకంతో అయిపోయింది బావగారూ. ఇది ఉత్తరం కాదు, మిగిలిపోయిన కాగితం.

అతని కుడి చెవి లోపల, వినికిడి నరం మీద గడ్డ ఉంది. ప్రాణం తీసే జాతి కాదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పిందట. కానీ వదిలేస్తే పెరుగుతుంది, తీస్తే ఆ చెవి ఇక వినపడదు. ఇప్పటికే సగం పోయింది. అందుకే మోగిందా అని నన్నడిగాడు. ఈ గురువారం కాదు, ఆపై గురువారం పొద్దున ఆపరేషన్. పక్కన ఎవరుంటారని ఆసుపత్రి వాళ్ళు అడిగితే, మా మామయ్య ఉంటాడని చెప్పాడట. ఉంటాను. మీరు వస్తే ఆ కుర్చీ మీది. రాకపోతే నేను లేవను.

రెండేళ్ళ కిందట ఫోన్‌లో మీరు అతనితో అన్న ఆఖరి మాట ఏమిటో నాకు చెప్పలేదు. ఏ చెవితో విన్నాడో మాత్రం చెప్పాడు. మీ గొంతు ఆ చెవిలో అక్కడే ఆగిపోయి ఉంది. ఆ గురువారం లోపల దాని మీద ఇంకో మాట పడాలి. క్షమాపణలూ అవీ వద్దు, మన ఇద్దరికీ వాటికి నోరు తిరగదు. రైలెక్కి రండి. వచ్చి, ఒరేయ్, తిన్నావా అనండి, చాలు.

కుడి వైపు నిలబడి అనండి.